కేంద్రకం నీటిబొట్టా, నిండిన బస్సా? ఒకే వస్తువుకి ఇన్ని నమూనాలెందుకు

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్ళు, నెట్ పరీక్షకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు న్యూక్లియర్ ఫిజిక్స్ నోట్సులో దాదాపు అందరూ ఒకే చోట ఆగుతారు. ఒక అధ్యాయం ప్రకారం పరమాణు కేంద్రకం నీటిబొట్టు లాంటిది. లోపలి కణాలు కిక్కిరిసి, పక్కవాటిని అంటిపెట్టుకుని, ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి. పేజీ తిప్పితే అదే కేంద్రకంలో ఒక్కో కణం పక్కవాటి ఊసే పట్టనట్టు తన కక్ష్యలో తాను తిరుగుతుందని ఉంటుంది. పరీక్షలో రెండూ వస్తాయి, రెండింటికీ మార్కులు పడతాయి. మరి ఏది నిజమంటే చాలా నోట్సుల్లో జవాబుండదు.

క్లుప్తంగా: కేంద్రకాలన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా లెక్కగట్టే ఒకే నమూనా ఇంకా చేతికి రాలేదు. బంధన శక్తి (కేంద్రకాన్ని పూర్తిగా విడగొట్టడానికి కావాల్సిన శక్తి), విచ్ఛిత్తి (కేంద్రకం రెండుగా చీలడం) వంటి మొత్తం లెక్కలకు ద్రవబిందు నమూనా పనికొస్తుంది. మ్యాజిక్ సంఖ్యలకు (కేంద్రకాన్ని మరీ గట్టిగా ఉంచే కణాల సంఖ్యలు), స్పిన్‌లకు (కణం తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు కనిపించే గుణం) కర్పర నమూనా, అంటే షెల్ మోడల్, కావాలి. సాగిన, వంకరపోయిన కేంద్రకాలకు సామూహిక నమూనా కావాలి. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా కాపాడేది పౌలీ నియమం, అంటే ఒకే స్థితిలో ఒకే రకం కణాలు రెండు ఉండకూడదన్న కట్టుబాటు. న్యూట్రాన్లు మితిమీరిన కేంద్రకాల దగ్గర మాత్రం పాఠ్యపుస్తకాల మ్యాజిక్ సంఖ్యలే మారిపోతున్నాయి.

లెక్క ఎక్కడ చిక్కుకుంటుంది

పరమాణువులో ఎలక్ట్రాన్లకు మధ్యలో ఒక పెద్దదిక్కు ఉంది. అది కేంద్రకం. దాని ఆకర్షణ ఏ సూత్రం ప్రకారం నడుస్తుందో కచ్చితంగా తెలుసు కాబట్టే ఎలక్ట్రాన్ల లెక్క అంత దూరం సాగింది. కేంద్రకం లోపల అలాంటి పెద్దదిక్కు లేదు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటమే తప్ప అన్నిటినీ నిలబెట్టే స్తంభం మధ్యలో ఏదీ లేదు. ఈ రెండు రకాల కణాలనూ కలిపి న్యూక్లియాన్లు అంటారు.

వాటి మధ్య బలం కూడా తేలిగ్గా లొంగేది కాదు. ఒక ఫెర్మీ దూరంలో, అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లవ వంతులో, అది గట్టిగా లాగుతుంది. అర ఫెర్మీ కంటే దగ్గరికి జరిగితే అంతే గట్టిగా నెట్టేస్తుంది. రెండు మూడు ఫెర్మీలు దాటితే దాదాపు మాయమవుతుంది. కణాల స్పిన్‌లు ఏ వైపు ఉన్నాయన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. అసలు ఇది మూలబలం కానే కాదు. ప్రోటాన్, న్యూట్రాన్ల లోపల ఉన్న క్వార్కుల మధ్య బలంలో బయటికి తొణికిన భాగం. పైగా రెండు కణాల మధ్య బలం తెలిసినంత మాత్రాన మూడు కణాలు కలిసినప్పటి లెక్క సరిపోదు. మూడో కణం ఉండటం వల్లే పుట్టే అదనపు బలం ఒకటుంది. వ్యాసం చివర్లో దాని పని కనిపిస్తుంది.

ఇక సంఖ్య. సీసం కేంద్రకంలో 208 న్యూక్లియాన్లు. గదిలో గాలికి చేసినట్టు సగటు తీసి సరిపెట్టడానికి ఇవి మరీ తక్కువ. ఒక్కొక్కదాన్నీ వెంటాడి లెక్కవేయడానికి మరీ ఎక్కువ. ఈ ఇరుకులోంచే నమూనాలు పుట్టాయి. నమూనా అంటే కేంద్రకం ఫోటో కాదు, కొలవగలిగిన ఒక ప్రశ్నకి జవాబు తెచ్చే దారి. ఈ తేడాని మొదటి క్లాసులోనే చెప్పేస్తే నోట్సులో సగం టెన్షన్ తగ్గుతుంది.

చేమాకు మీద బొట్టు

కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో తేల్చాడు. న్యూట్రాన్‌ను చాడ్విక్ 1932లో కనిపెట్టాడు. కేంద్రకం ద్రవబిందువు లాంటిదన్న ఊహ గామోవ్‌ది. 1935లో వైజ్‌సాకర్ దాన్ని సూత్రంగా రాశాడు.

ఊహకి ఆధారం సాంద్రత. ఏ కేంద్రకాన్ని కొలిచినా సాంద్రత దాదాపు ఒకటే. పాచికంత, అంటే ఒక ఘన సెంటీమీటరు కేంద్రక పదార్థం తూకం వేస్తే సుమారు 23 కోట్ల టన్నులు తూగుతుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో చదివే వ్యాసార్థ సూత్రం దీని నుంచే వస్తుంది: ద్రవ్యరాశి సంఖ్య (న్యూక్లియాన్ల మొత్తం సంఖ్య) ఘనమూలాన్ని 1.2 ఫెర్మీలతో గుణిస్తే వ్యాసార్థం. తిరుపతిలో దీనికి లడ్డూ ఉదాహరణ తప్పదు. ఎనిమిది రెట్లు బూందీతో లడ్డూ చుడితే దాని వ్యాసం రెండింతలే అవుతుంది. లోపలి బూందీ గింజ తన చుట్టూ ఉన్నవాటికే అతుక్కుంటుంది కానీ అవతలి అంచున ఉన్నవాటికి కాదు. అంచున ఉన్న గింజలకి బయటివైపు తోడు లేదు కాబట్టి ముందు రాలేవి అవే.

వైజ్‌సాకర్ సూత్రం అచ్చం జమాఖర్చు పుస్తకంలా నడుస్తుంది. ఇనుము-56 తీసుకుంటే అందులో 26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు. శక్తిని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు, పొట్టిగా ఎంఈవీ. మొదటి పద్దు జమ: ఒక్కో న్యూక్లియాన్‌కు 15.75 చొప్పున 882 ఎంఈవీ. రెండోది ఖర్చు: అంచున తోడు లేని కణాల వల్ల 260. మూడోదీ ఖర్చే: 26 ప్రోటాన్లు ఒకదాన్నొకటి విద్యుత్ బలంతో నెట్టుకోవడం వల్ల 121. నాలుగోది న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే ఎక్కువైనందుకు జరిమానా, 7. ఐదోది కణాలన్నీ జతలు జతలుగా కుదిరినందుకు చిన్న బోనస్, ఒకటిన్నర. తీసివేతలన్నీ అయ్యాక 495 మిగులుతుంది. కొలిచిన విలువ 492. ఐదు పద్దుల చిట్టాతో తేడా నూటికి ఒక్క వంతు కూడా రాలేదు.

ఒక్కో న్యూక్లియాన్‌కు వచ్చే బంధన శక్తి ఇనుము, నికెల్ దగ్గర శిఖరానికి చేరి 8.8 ఎంఈవీ దాకా ఉంటుంది. ఎక్కువ పుస్తకాలు శిఖరం ఇనుము-56 అంటాయి, పరీక్షలో అలా రాస్తేనే మార్కు. కొలతల ప్రకారం మొదటి స్థానం నికెల్-62ది. తేడా దశాంశం తర్వాత మూడో అంకెలో ఉంది కాబట్టి ఎవరూ గొడవ పెట్టుకోరు.

నీటిబొట్టు చిత్రం నిజంగా గెలిచింది విచ్ఛిత్తి దగ్గర. 1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే బేరియం కనిపించింది. అంత పెద్ద కేంద్రకం రెండు ముక్కలవడం అప్పటి ఏ లెక్కకీ అందలేదు. లీసా మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ దీన్ని బొట్టు లెక్కతోనే విప్పారు. చేమాకు మీద పెద్ద నీటిబొట్టు కాస్త కదిలితే సాగుతుంది, నడుము సన్నబడుతుంది, రెండుగా తెగుతుంది. ఉపరితల బిగువు దాన్ని గుండ్రంగా ఉంచాలని చూస్తుంది, ప్రోటాన్ల వికర్షణ చీల్చాలని చూస్తుంది. యురేనియంలో ఈ రెండూ దాదాపు సరిసమానం. అందుకే న్యూట్రాన్ ఒకటి వచ్చి చేరితే చాలు, తెగిపోయి సుమారు 200 ఎంఈవీ విడుదల చేస్తుంది. 1939లో నీల్స్ బోర్, వీలర్ ఈ లెక్కని పూర్తి సిద్ధాంతంగా రాశారు.

తుమ్మలపల్లె మట్టిలో ఐదో పద్దు

పైన ఒకటిన్నర ఎంఈవీ అని తేలిగ్గా దాటేసిన జతల బోనస్ దేశ అణు విద్యుత్ విధానాన్నే మలిచింది. రాయలసీమలోనే, కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో దొరికే యురేనియం ప్రకృతిలో ఎక్కడైనా ఉండే మిశ్రమమే. అందులో యురేనియం-235 వాటా 0.7 శాతం. మిగతాదంతా దాదాపు 238. రసాయనికంగా రెండూ ఒకటే, తేడా మూడు న్యూట్రాన్లు. ఒకదాన్ని నెమ్మదిగా వచ్చే న్యూట్రాన్ కూడా చీలుస్తుంది, రెండోదాన్ని చీల్చలేదు. ఎందుకు?

235లో 143 న్యూట్రాన్లు. బేసి సంఖ్య, అంటే ఒకటి ఒంటరి. బయటి నుంచి ఇంకో న్యూట్రాన్ రాగానే ఆ ఒంటరికి జత కుదురుతుంది. అప్పుడు విడుదలయ్యే శక్తి 6.5 ఎంఈవీ. విచ్ఛిత్తికి అడ్డుగా ఉన్న గట్టు ఎత్తు సుమారు 6. గట్టు దాటడానికి సరిపోయింది. 238లో 146 న్యూట్రాన్లు, అన్నీ ముందే జతలైపోయాయి. కొత్తగా వచ్చింది ఒంటరిగా మిగులుతుంది. విడుదలయ్యేది 4.8 ఎంఈవీ, గట్టు దాటదు. బయటి న్యూట్రాన్ ఒక ఎంఈవీకి పైగా వేగశక్తి మోసుకొస్తే తప్ప 238 పెద్దగా చీలదు.

ఈ తేడా చుట్టూనే రియాక్టర్ల రకాలన్నీ తిరుగుతాయి. తమిళనాడు తీరంలో కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్ కేంద్రం సహజ యురేనియంతో, భారజలంతో నడిచే రకం. న్యూట్రాన్లను ఎక్కువగా మింగేయకుండా నెమ్మది చేసేది భారజలం. దాంతో 0.7 శాతం ఉన్న 235తోనే పని జరిగిపోతుంది. థోరియం నుంచి తయారయ్యే యురేనియం-233 మీద దేశం ఆశ పెట్టుకోవడానికి కారణం కూడా అదే పద్దు: 233లో 141 న్యూట్రాన్లు, మళ్ళీ బేసి. కల్పాక్కంలోని చిన్న పరిశోధన రియాక్టర్ కామిని ఆ 233తోనే నడుస్తుంది.

గ్రానైట్ చెప్పే 2.61

బొట్టు ఎక్కడ తడబడుతుంది? నిజమైన నీటిబొట్టుకి ఇంకో నీటి అణువు చేర్చినా తీసినా గుణం కొంచెం కొంచెంగానే మారుతుంది. కేంద్రకం అలా లేదు. సీసం-207 నుంచి ఒక న్యూట్రాన్ ఊడబీకాలంటే 6.74 ఎంఈవీ కావాలి. సీసం-209 నుంచి అయితే 3.94 చాలు. రెండింటిలోనూ న్యూట్రాన్ల సంఖ్య బేసే, కాబట్టి నింద జతల మీద వేయలేం. రెండింటి మధ్య ఉన్నది 126 న్యూట్రాన్ల సీసం-208. 126 దాటి చేరిన న్యూట్రాన్‌కి లోపల పట్టు దొరకలేదన్నమాట.

ఇలాంటి సంఖ్యలు ఏడు: 2, 8, 20, 28, 50, 82, 126. ప్రోటాన్లయినా న్యూట్రాన్లయినా ఇన్ని ఉంటే కేంద్రకం మిగతావాటికంటే గట్టిగా ఉంటుంది. వీటికి మ్యాజిక్ సంఖ్యలని పేరు. 50 ప్రోటాన్లున్న తగరానికి పది స్థిర ఐసోటోపులు (న్యూట్రాన్ల సంఖ్యలో మాత్రమే తేడా ఉన్న రూపాలు) ఉన్నాయి. ఏ మూలకానికీ ఇన్ని లేవు. పక్కనున్న యాంటిమొనీకి రెండే.

చిత్తూరు జిల్లా గ్రానైట్ పలక పక్కన మంచి గామా డిటెక్టర్ పెట్టి కొన్ని గంటలు వదిలేస్తే తెర మీద గీతలు లేస్తాయి. 1.46 ఎంఈవీ దగ్గర ఒకటి, అది పొటాషియంది. కుడివైపు చివర, మిగతా గుంపుకి దూరంగా, 2.61 దగ్గర ఇంకోటి. రాతిలో అతి తక్కువగా ఉండే థోరియం మెట్టుమెట్టుగా క్షీణించి చివరికి సీసం-208 అవుతుంది. అలా పుట్టిన సీసం కేంద్రకం ఉత్తేజిత స్థితి నుంచి నేల స్థితికి దిగేటప్పుడు వదిలే కిరణం ఆ గీత. సీసం-208కి మొదటి మెట్టే 2.61 ఎంఈవీ ఎత్తున ఉంది. యురేనియం-238కి మొదటి మెట్టు 0.045 దగ్గరే. ఒకటి మేడ, ఒకటి గడప. ప్రోటాన్లు 82, న్యూట్రాన్లు 126, రెండు వైపులా మ్యాజిక్ అయితే కేంద్రకాన్ని కదిలించడం ఎంత కష్టమో ఆ గీతలో కనిపిస్తుంది.

కోలాటం లాంటి చిక్కుముడి

మ్యాజిక్ సంఖ్యల సూచనలు 1930ల్లోనే ఉన్నాయి. అప్పట్లో బొట్టు చిత్రం విజయాల మీద విజయాలు సాధిస్తుండటంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1948లో చికాగోలో మరియా గోపర్ట్ మేయర్ ఆధారాలన్నీ ఒక చోట చేర్చాక వాటిని కాదనడం కష్టమైంది.

కర్పర నమూనా ఊహ ఇది: మధ్యలో స్తంభం లేకపోయినా, మిగతా కణాలన్నిటి ఆకర్షణ సగటున ఒక గిన్నెలా పనిచేస్తుంది. ఆ గిన్నెలో ఒక్కో కణానికి మెట్ల వరసలో స్థానాలు ఉంటాయి. కింద నుంచి నింపుకుంటూ పోతే మెట్ల వరస నిండే సంఖ్యలు 2, 8, 20, 40, 70, 112. మొదటి మూడూ సరిపోయాయి. తర్వాత తప్పాయి. గిన్నె ఆకారం ఎంత మార్చినా 28, 50, 82, 126 రాలేదు.

ఈ ముడి గురించి మాట్లాడుతున్నప్పుడు శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ, స్పిన్‌కి, కక్ష్యకి మధ్య లంకె ఏమైనా ఉందా అని మేయర్‌ని అడిగాడు. ముడి విప్పడానికి ఆమెకి ఆ ఒక్క ప్రశ్న చాలింది. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు కోలాటం వేసే బృందాన్ని చూస్తే విషయం తేలిక. ఆడేవాళ్ళు వలయంగా తిరుగుతారు, ఎవరికి వారు గుండ్రంగా కూడా తిరుగుతారు. వలయం తిరిగే వైపే తానూ తిరగడం వేరు, ఎదురు తిరగడం వేరు. కేంద్రకంలో ఈ రెండింటి శక్తుల మధ్య తేడా చాలా పెద్దది. ఒకే వైపు తిరిగేవాటి మెట్టు కిందికి దిగుతుంది, ఎదురు తిరిగేవాటిది పైకి పోతుంది. కక్ష్య ఎంత పెద్దదైతే ఈ చీలిక అంత ఎక్కువ.

ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కిందికి దిగిన మొదటి పెద్ద మెట్టులో 8 స్థానాలు: 20కి 8 కలిపితే 28. తర్వాతదానిలో 10: 40కి కలిపితే 50. ఆ తర్వాత 12: 70కి కలిపితే 82. ఆపైన 14: 112కి కలిపితే 126. నాలుగూ గురి తప్పలేదు. మేయర్ దీన్ని 1949లో ప్రచురించింది. అదే సంవత్సరం జర్మనీలో యెన్సన్, హాక్సెల్, సూయెస్ విడిగా ఇదే తేల్చారు. 1963 నోబెల్‌లో సగం విగ్నర్‌కి వెళ్ళింది. మిగతా సగాన్ని మేయర్, యెన్సన్ పంచుకున్నారు. భౌతికశాస్త్రంలో మేరీ క్యూరీ తర్వాత ఆ బహుమతి అందుకున్న రెండో మహిళ మేయర్. ఈ పని చేసినప్పుడు చికాగో యూనివర్సిటీలో ఆమెది జీతం లేని హోదా.

ఢీకొనకపోవడానికి కారణం

ఇప్పుడు నోట్సులోని అసలు ప్రశ్న. అంత కిక్కిరిసిన చోట, అంత బలమైన ఆకర్షణల మధ్య, ఒక కణం ఎవరికీ తగలకుండా తన కక్ష్యలో ఎలా తిరుగుతుంది?

తిరుమల ఘాట్ రోడ్డు బస్సు ఊహించుకోండి. సీటున్నంత మందికే చోటు, నిలబడటం కుదరదు. అన్ని సీట్లూ నిండిన బస్సులో ఇద్దరు ఎంత తోసుకున్నా ఎవరి సీటూ మారదు, మారడానికి ఖాళీ సీటు లేదు. పౌలీ నియమం అదే: ఒకే స్థితిలో ఒకే రకం కణాలు రెండు ఉండకూడదు. రెండు న్యూక్లియాన్లు ఢీకొన్నాయంటే రెండూ కొత్త స్థితులకు మారాలి. అందుబాటులో ఉన్న స్థితులన్నీ ముందే నిండి ఉన్నాయి. ఖాళీవి పైన, శక్తికి అందనంత ఎత్తున ఉన్నాయి. కాబట్టి ఢీ జరగదు. బలం లేక కాదు, పోవడానికి చోటు లేక. 1950ల మొదట్లో వైస్‌కాఫ్ ఈ వాదన చెప్పాక రెండు అధ్యాయాల మధ్య గోడ చాలావరకు కూలింది.

బయటి నుంచి శక్తి వస్తే బొమ్మ మారుతుంది. కణాలు పై మెట్లకు ఎగరగలిగితే ఖాళీలు దొరుకుతాయి, ఢీలు మొదలవుతాయి, వచ్చిన శక్తి అందరికీ పంచుకుపోతుంది. అప్పుడు అదే కేంద్రకం వేడెక్కిన బొట్టులా ప్రవర్తిస్తుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు కర్పరాలు, కదిలించినప్పుడు బొట్టు. అసలు బొట్టు సూత్రంలోని నాలుగో పద్దు, న్యూట్రాన్లు ఎక్కువైనందుకు పడే జరిమానా, బొట్టుకి సంబంధించిందే కాదు. న్యూట్రాన్ల సీట్లు నిండి పై సీట్లకు పోవాల్సి రావడం వల్ల పడే ఖర్చు అది. కర్పర నమూనా పుట్టక ముందే వైజ్‌సాకర్ జమాఖర్చులో పౌలీ కూర్చుని ఉన్నాడు.

రెండు నమూనాలూ ఒకే చోట పనిచేయడం చూడాలంటే మళ్ళీ విచ్ఛిత్తి దగ్గరికే రావాలి. ఉత్త బొట్టయితే రెండు సమాన ముక్కలవ్వాలి. రియాక్టర్‌లో యురేనియం-235 అలా చీలడం అరుదు. ఒక ముక్క ద్రవ్యరాశి 95 దగ్గర, ఇంకోటి 140 దగ్గర ఉంటుంది. 50 ప్రోటాన్లు, 82 న్యూట్రాన్లున్న తగరం-132 పొరుగున ఆగడానికి పెద్ద ముక్క ఇష్టపడుతుందని చాలాకాలం చెప్పుకున్నారు. బొట్టు లెక్కకి కర్పరాల సవరణ కలిపే పద్ధతిని 1967లో స్ట్రుటిన్‌స్కీ ఇచ్చాడు. చిన్న పేచీ మిగిలింది: పెద్ద ముక్కలో ప్రోటాన్లు 50 దగ్గర కాకుండా 54 చుట్టూ తేలుతున్నాయి. 2018లో వచ్చిన లెక్కలు దీన్ని ఆకారంతో ముడిపెట్టాయి. తెగే క్షణంలో ముక్క గుండ్రంగా ఉండదు, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. ఆ ఆకారానికి అనువైన సంఖ్యలు వేరు.

నిమ్మకాయ, తోతాపురి

గుండ్రటి నిమ్మకాయని బల్ల మీద తిప్పితే తిరుగుతోందో లేదో దూరం నుంచి తెలియదు. తోతాపురి కాయని తిప్పితే ముక్కు ఎటు వెళ్తోందో స్పష్టంగా కనిపిస్తుంది. క్వాంటమ్ లోకంలో ఈ తేడా ఇంకా ఘాటుగా ఉంటుంది: పూర్తి గుండ్రంగా ఉన్న కేంద్రకానికి భ్రమణం అనే మాటే లేదు. సాగినదానికే భ్రమణ మెట్లు ఉంటాయి.

మ్యాజిక్ సంఖ్యలకు దూరంగా ఉన్న కేంద్రకాలు చాలావరకు సాగే ఉంటాయి. బయటి కణాలు తమ కక్ష్యల ఆకారంతో లోపలి మూటను లాగుతాయని 1950లో రెయిన్‌వాటర్ అన్నాడు. ఆగె బోర్, మోటెల్సన్ దాన్ని సామూహిక నమూనాగా కట్టారు. ముగ్గురికీ 1975లో నోబెల్ వచ్చింది. 1955లో నిల్సన్ సాగిన గిన్నెలో మెట్లు ఎలా మారతాయో లెక్క ఇచ్చాడు.

పరీక్ష చాలా సులువు. తిరిగే వస్తువు శక్తి మెట్లు 6, 20, 42 నిష్పత్తిలో ఉండాలని సిద్ధాంతం. యురేనియం-238 మొదటి మెట్టు 44.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే రెండోది 150 దగ్గర, మూడోది 314 దగ్గర ఉండాలి. కొలిస్తే 148, 307. పైకి పోయేకొద్దీ కాస్త తగ్గడానికి కూడా కారణం ఉంది: వేగం పెరిగితే కేంద్రకం ఇంకొంచెం సాగుతుంది, జడత్వం పెరుగుతుంది. మన దేశంలో ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా యాక్సిలరేటర్ల దగ్గర వంతులవారీగా అమర్చే ఇండియన్ నేషనల్ గామా అరే చేసే పనిలో పెద్ద భాగం ఈ మెట్లను కొలవడమే.

తోతాపురి పోలిక ఇంకొంచెం దూరం కూడా వస్తుంది. 2013లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో రేడియం-224ని కొలిచినప్పుడు అది ఒక కొస లావు, ఒక కొస సన్నగా ఉన్నట్టు తేలింది. పరిశోధకులు బేరిపండుతో పోల్చారు. చిత్తూరు మామిడి తోటలో కూర్చుని రాసి ఉంటే పోలిక వేరేలా ఉండేది.

స్కాన్ రిపోర్టు వెనక

ఇదంతా పరీక్షలకే పరిమితం కాదు. తిరుపతిలోనో, చిత్తూరు నుంచి వేలూరు వెళ్ళో ఎమ్మారై తీయించుకునేవాళ్ళ శరీరంలో బరువు ప్రకారం ఎక్కువ ఉన్నవి ఆక్సిజన్, కార్బన్. యంత్రానికి అవి కనిపించవు. ఆక్సిజన్-16లో, కార్బన్-12లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ జతలుగా ఉండి స్పిన్‌లు ఒకదానికొకటి చెల్లిపోయాయి. మొత్తం సున్నా. హైడ్రోజన్ కేంద్రకం ఒంటరి ప్రోటాన్, దాని స్పిన్‌ని చెల్లగొట్టేవాళ్ళు లేరు. సిగ్నల్ ఇచ్చేది అదే.

ఎముకల స్కాన్‌కి, గుండె స్కాన్‌కి వాడే టెక్నీషియం-99ఎం ఇంకా ఆసక్తికరం. ఉత్తేజిత కేంద్రకం మామూలుగా సెకనులో అతి చిన్న భాగంలోనే కిందికి దిగిపోతుంది. ఇది సగం తగ్గడానికి ఆరు గంటలు తీసుకుంటుంది. 43 ప్రోటాన్ల ఈ కేంద్రకంలో స్పిన్ 1/2 మెట్టు, స్పిన్ 9/2 మెట్టు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మామూలుగా పైన ఉండాల్సిన 9/2 మెట్టును కిందికి లాగింది కోలాటం దగ్గర చెప్పిన ఆ లంకే. శక్తి తేడా చిన్నది, స్పిన్ తేడా పెద్దది. అంత స్పిన్ తేడాని ఒక్కసారిగా దాటడం కేంద్రకానికి కష్టం కాబట్టి ఆగి ఆగి దిగుతుంది. చివర వచ్చే గామా కిరణం 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మందు తయారుచేసి, ఎక్కించి, ఫోటో తీయడానికి ఆరు గంటలు చాలు. మర్నాటికి చాలావరకు తగ్గిపోతుంది. 50 అనే మ్యాజిక్ సంఖ్యను పుట్టించిన కారణమే ఈ ఆరు గంటలనూ పుట్టించింది.

బంగారం కథా అంతే. న్యూట్రాన్లు వరదలా ఉన్న చోట, ఉదాహరణకి రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు, కేంద్రకాలు గబగబా న్యూట్రాన్లను మింగుతూ పెరుగుతాయి. 126 దగ్గర ఆ పరుగు మందగించి అక్కడ పోగుపడతాయి. తర్వాత క్షీణించి ద్రవ్యరాశి 195 పరిసరాల్లో తేలతాయి. ప్లాటినం, బంగారం ఉండేది అక్కడే. ఆనంద నిలయం గోపురం మీది బంగారంలో ఎక్కువ పాలు అలాంటి వరదలోదే.

సూపర్ కంప్యూటర్ల దగ్గర ఆగిన హద్దు

నమూనాలు వదిలేసి నేరుగా లెక్క చేయలేమా? చిన్న కేంద్రకాలకు చేస్తున్నారు. క్వార్కుల సిద్ధాంతానికి పొందికగా ఉండే న్యూక్లియాన్ బలాన్ని తీసుకుని, కార్బన్ లాంటివాటిని సూపర్ కంప్యూటర్ల మీద మొదటి సూత్రాల నుంచి కట్టగలుగుతున్నారు. పెద్దవాటికి వచ్చేసరికి సంఖ్యలు చేయి దాటుతాయి. నికెల్-56ని కర్పర నమూనాలో చూద్దాం. లోపలి 40 కణాలను కదలనివ్వకుండా ఉంచినా, బయట 8 ప్రోటాన్లకి 20 సీట్లు, 8 న్యూట్రాన్లకి 20 సీట్లు. 20 సీట్లలో 8 మందిని కూర్చోబెట్టే తీరులు 1,25,970. రెండు రకాలూ కలిపితే సుమారు 1,587 కోట్లు. సౌష్ఠవాలు వాడి తగ్గించినా 108 కోట్ల పైచిలుకు మిగులుతాయి. లెక్కకి వాడే మాతృక, అంటే సంఖ్యల పట్టిక, అంత పెద్దదవుతుంది. సీసం, యురేనియం వరకు వెళ్తే ఈ దారి మూసుకుపోతుంది. అక్కడ సగటు సాంద్రత మీద ఆధారపడే పద్ధతులే దిక్కు.

ఇంతలో ప్రయోగాలు నమూనాల పునాదినే కదిపాయి. ప్రకృతిలో స్థిరంగా ఉండే కేంద్రకాలు 250 దాకా ఉంటాయి. పాత మ్యాజిక్ సంఖ్యలకు ఆధారం ఇవీ, వీటి పొరుగువీ. ఇప్పుడు ప్రయోగశాలల్లో తయారుచేసినవాటితో కలిపి మూడు వేలు దాటాయి. 1985లో తనిహత బృందం లిథియం-11ని కొలిచినప్పుడు అది తన బరువుకి తగ్గ సైజు కంటే చాలా పెద్దదిగా తేలింది. చివరి రెండు న్యూట్రాన్లు దూరంగా, మంచులా పరుచుకుని ఉన్నాయి. అన్ని కేంద్రకాల సాంద్రతా ఒకటేనన్న బొట్టు నియమం అక్కడ వర్తించలేదు. 2013లో జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థలో కాల్షియం-54 కొలతలు 34ని కొత్త మ్యాజిక్ సంఖ్యగా చూపించాయి.

వీటన్నిటిలో ఆక్సిజన్ గట్టి దెబ్బ. ఆక్సిజన్-28లో 8 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. పుస్తకం ప్రకారం రెండూ మ్యాజిక్, సీసం-208లా గట్టిగా ఉండాలి. 2023లో రికెన్‌లో దాన్ని మొదటిసారి చూశారు. పుట్టిన వెంటనే నాలుగు న్యూట్రాన్లను వదిలేసి ఆక్సిజన్-24 అయిపోయింది. 16 న్యూట్రాన్ల దగ్గరే ఆక్సిజన్ పట్టు అయిపోతుంది. దానికి ఒక్క ప్రోటాన్ చేర్చి ఫ్లోరిన్ చేస్తే లెక్క తలకిందులవుతుంది: ఫ్లోరిన్ 22 న్యూట్రాన్ల దాకా పట్టి ఉంచుతుంది. ఒక్క ప్రోటాన్ వచ్చి ఆరు న్యూట్రాన్లను అదనంగా ఆపింది. బొట్టు సూత్రంతో ఇది రాదు, గిన్నెలో మెట్లు నింపినా రాదు. రెండేసి కణాల మధ్య బలాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే 28 దాకా ఆక్సిజన్ నిలుస్తుందనే వస్తుంది. మూడో కణం వల్ల పుట్టే ఆ అదనపు బలాన్ని 2010లో ఒక బృందం లెక్కలో కలిపింది. అప్పుడు న్యూట్రాన్ల మధ్య వికర్షణ కాస్త పెరిగి, ఆక్సిజన్ సరిగ్గా 24 దగ్గర ఆగింది.